నీడలు కెమెరాలో, వెలుగులు ట్యాంకులో: మధ్యస్థ వేగపు నలుపు-తెలుపు ఫిల్మును ఇంట్లో కడుక్కోవడం

నేను ఇంట్లో కడిగిన మొదటి రీలు గాజుపలకలా తేటగా బయటికి వచ్చింది. బొమ్మలు లేవు సరే, ఫిల్మ్ అంచున తయారీలోనే పడి ఉండే అంకెలు కూడా లేవు. అంకెలు సైతం లేవంటే తప్పు కెమెరాది కాదు, కడిగినవాడిది. ఒకే రంగు సీసాలు రెండు పక్కపక్కన పెట్టుకుని, బొమ్మను నల్లని వెండిగా బయటికి తెచ్చే డెవలపర్‌కు బదులు ఫిక్సర్‌ను ముందు పోశాను. ఫిక్సర్ వెండి లవణాన్ని కరిగిస్తుంది. డెవలప్ కాని ఫిల్మ్ మీద ఉన్నదంతా ఆ లవణమే. ముప్పై ఆరు ఫొటోలూ నిమిషాల్లో సీసాలోకి కరిగిపోయాయి.

అప్పటినుంచి నా సీసాల మీద 1, 2, 3 అని అరచేతి మందాన అంకెలు ఉంటాయి. ఈ పనిలో మిగతా కష్టాలన్నీ ఇలాంటివే. రసాయన శాస్త్రం ఎవరినీ ముంచదు, తొందర ముంచుతుంది. ఒక ఫిల్మ్, ఒక డెవలపర్, ఒక ఉష్ణోగ్రత ఎంచుకుని వాటితోనే కొన్నాళ్లు ఉండగలిగితే, ఫలితం ఎందుకు అలా వచ్చిందో మీ నెగెటివే మీకు చెబుతుంది. ప్రతి రీలుకూ ఏదో ఒకటి మార్చేవారికి ఆ మాట ఎప్పటికీ వినిపించదు. కాబట్టి కింద చెప్పేదంతా ఒకే జంటను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను: ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్, ఐడీ-11 డెవలపర్. మీ దగ్గర వేరేవి ఉన్నా పని వరస ఇదే, నిమిషాలు మాత్రమే మారతాయి.

మధ్యస్థ వేగం అంటే

ఫిల్మ్ కాంతికి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె ఐఎస్‌ఓ, అదే ఫిల్మ్ వేగం. ఐఎస్‌ఓ 100, 125 ఫిల్ములను మధ్యస్థ వేగపు ఫిల్ములు అంటారు. ఫిల్మ్ వేగం చాలావరకు అందులోని వెండి లవణపు స్ఫటికాల పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పెద్ద స్ఫటికం ఎక్కువ కాంతిని పట్టుకుంటుంది, డెవలప్ అయ్యాక పెద్ద రవ్వగా కనిపిస్తుంది. 400 ఫిల్ములో రవ్వ కంటికి ఆనుతుంది. 25, 50 ఫిల్ముల్లో రవ్వ వెతికినా దొరకదు గానీ కాస్త మబ్బు పట్టినా స్టాండు కావాలి. 100 ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. 35 మి.మీ. నెగెటివ్ నుంచి చక్కని పెద్ద ప్రింటు వస్తుంది, ఆరుబయట కెమెరాను చేత్తో పట్టుకునే తీయవచ్చు.

ఆరుబయట అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నడి ఎండలో 125 ఫిల్ముకు లెన్సు రంధ్రం ఎఫ్/16 దగ్గర సెకనులో 125వ వంతు సరిపోతుంది. అదే మనిషి కిటికీ పక్కన ఇంట్లో కూర్చుంటే ఎఫ్/2 దగ్గర 30వ వంతు దాకా దిగాల్సి రావచ్చు. అక్కడ చేయి వణికినా, ఆ మనిషి తల తిప్పినా పోయినట్టే. 400 ఫిల్ముతో పోలిస్తే దీనికి రెండు స్టాపుల వెలుగు ఎక్కువ కావాలన్న సంగతి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) రీలు ఎక్కించే ముందే గుర్తుంచుకోవాలి. సాయంత్రం పెళ్లికి వెళ్తూ 100 ఫిల్మ్ పట్టుకెళ్లి, తర్వాత ఎక్కువసేపు డెవలప్ చేసి సర్దేద్దాం అనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఏ ఫిల్మ్

ఈ తరగతిలో రెండు వంశాలు ఉన్నాయి. ఒకటి పాత పద్ధతి ఫిల్ములు: ఎఫ్‌పీ4 ప్లస్, కెంట్‌మియర్ 100, ఫోమాపాన్ 100. వీటి స్ఫటికాలు గులకరాళ్లలా రకరకాల ఆకారాల్లో ఉంటాయి. రెండోది కొత్త పద్ధతి: కొడాక్ టీ-మ్యాక్స్ 100, ఇల్ఫోర్డ్ డెల్టా 100. వీటిలో స్ఫటికాలు పలుచని పలకల్లా ఉండి, వెడల్పు ముఖం వెలుగు వైపు తిప్పుకుంటాయి. అంతే వెండితో ఎక్కువ కాంతిని పట్టుకుంటాయి కాబట్టి అదే వేగానికి రవ్వ ఇంకా సన్నగా వస్తుంది.

అయితే మరి సన్న రవ్వ ఉన్నదే కొంటే పోదా? పోదు. పలక స్ఫటికాల ఫిల్ములు, ముఖ్యంగా టీ-మ్యాక్స్, డెవలపింగ్‌లోని చిన్న తేడాకు కూడా గట్టిగా స్పందిస్తాయి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా, అర నిమిషం మరిచినా నెగెటివ్‌లో తెలిసిపోతుంది. చేయి తిరిగినవారికి అది వరం. వెలుగులు ఎక్కడ ఆగాలో వాళ్లు నిమిషాలతో నిర్ణయించుకోగలరు. మొదటి రీలు కడిగేవారికి మాత్రం అది పరీక్ష. ఎఫ్‌పీ4 లాంటి పాత పద్ధతి ఫిల్మ్ ఒక స్టాపు వెలుగు ఎక్కువ పడినా సర్దుకుంటుంది, అర నిమిషం ఎక్కువ నానినా అలగదు. నేను మొదట దాన్నే సిఫారసు చేస్తాను, చాలాకాలం తర్వాత కూడా దాన్నే వాడుతున్నాను.

ఫోమాపాన్ గురించి ఒక హెచ్చరిక. పగటి వెలుగులో అందంగా పనిచేసే ఈ ఫిల్మ్ సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో బాగా నీరసపడుతుంది. కాంతిని కొలిచే మీటరు 10 సెకన్లు చూపిస్తే కంపెనీ పట్టిక ప్రకారం 80 సెకన్లు ఇవ్వాలి. ఎఫ్‌పీ4కు అదే చోట 18 సెకన్ల దాకా చాలు. ఫ్యూజీఫిల్మ్ ఆక్రోస్ 2 అయితే రెండు నిమిషాల దాకా సవరణే అడగదు. రాత్రి దృశ్యాలు తీసేవారు ఈ ఒక్క కారణంతోనే దాన్ని వెతికి తెచ్చుకుంటారు. ఆక్రోస్‌కు ఎరుపు కాస్త తక్కువగా ఆనుతుంది, అందువల్ల పెదవులు కొంచెం ముదురుగా పడతాయి. అది గుణమో దోషమో మీ ఇష్టం.

తెరవని రీళ్లను ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. తీసిన వెంటనే డబ్బా మూత తెరవకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. లేకపోతే ఫిల్మ్ మీద తేమ పడుతుంది. విమానాశ్రయాల్లోని కొత్త సీటీ స్కానర్లు ఏ వేగపు ఫిల్మునైనా పాడుచేయగలవు కాబట్టి చేతితో తనిఖీ చేయమని అడగండి.

ట్యాంకు దాకా రాకముందే తేలిపోయేది

నెగెటివ్‌లో నీడలు పలుచగా ఉండే చోట్లు, వెలుగులు దట్టంగా ఉండే చోట్లు. నీడలో వివరం రావాలంటే అక్కడ కనీసపు కాంతి పడి తీరాలి. పడకపోతే ఎంతసేపు డెవలప్ చేసినా అక్కడ వెండి పుట్టదు. వెలుగుల సంగతి వేరు. అక్కడ కాంతి పుష్కలంగా పడింది, డెవలపర్‌లో ఎంతసేపు ఉంటే అంత నల్లబడుతూ పోతాయి. అంటే నీడల భవిష్యత్తు షట్టర్ నొక్కినప్పుడే తేలిపోతుంది, వెలుగుల భవిష్యత్తు ట్యాంకులో తేలుతుంది. డెవలపింగ్ గురించి తెలుసుకోవలసిన దానిలో సగం ఇదే.

అందుకే నేను 125 ఫిల్మ్ వేసినా మీటరును 100 దగ్గరో 80 దగ్గరో పెడతాను. నీడలకు ఓ చిటికెడు ఎక్కువ కాంతి అందుతుంది, ఈ ఫిల్మ్ దాన్ని తేలిగ్గా భరిస్తుంది. వెనుక నుంచి వెలుగు వచ్చే దృశ్యమైతే మీటరును ఆకాశానికి కాక నీడలో ఉన్న ముఖానికి చూపించి కొలవండి. నీలి ఆకాశం మీద తెల్లని మేఘాలు తేలాలంటే లెన్సుకు పసుపు ఫిల్టరు తగిలించి ఒక స్టాపు ఎక్కువ ఇవ్వండి. నారింజ రంగుకు రెండు, ఎరుపుకు మూడు. ఎరుపు ఫిల్టరుతో 125 ఫిల్మ్ దాదాపు 16 ఫిల్ములా ప్రవర్తిస్తుంది, స్టాండు లేకుండా దాని జోలికి పోవద్దు.

డెవలపర్ ఎంపిక

ఐడీ-11, కొడాక్ డి-76 పేర్లు వేరు గానీ పనిలో కవలలు. డి-76 సూత్రం 1920ల చివరి నుంచి ఉంది, రహస్యమేమీ కాదు: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ఇందులో సల్ఫైట్ వాటా చూడండి, తక్కినవన్నీ కలిపినా దానిలో పదోవంతు కూడా లేవు. అది డెవలపర్ గాలికి పాడవకుండా కాపాడుతూనే స్ఫటికాల అంచుల్ని కాస్త కరిగించి రవ్వను మెత్తబరుస్తుంది. అసలు ద్రావణాన్ని అలాగే వాడితే నున్నని రవ్వ వస్తుంది. సగం నీళ్లు కలిపితే, అంటే 1+1 చేస్తే, సల్ఫైట్ పలచబడి రవ్వ అంచులు తేటపడతాయి, బొమ్మ పదునుగా కనిపిస్తుంది. 100 ఫిల్ములో రవ్వ ఎలాగూ చిన్నదే కాబట్టి నాకు 1+1 నచ్చుతుంది. పైగా పలచబరచినదాన్ని ఒకసారి వాడి పారబోస్తాం కనుక ప్రతి రీలుకూ తాజా బలమే అందుతుంది.

పొడి ప్యాకెట్టును ఎప్పుడూ సగం సగం కలపవద్దు. రవాణాలో పొడులు విడివిడిగా సర్దుకుని ఉంటాయి, మీ చెంచాలోకి మెటాల్ వచ్చిందో బోరాక్స్ వచ్చిందో తెలియదు. ప్యాకెట్టు మీద రాసిన వేడి నీళ్లలో మొత్తం కరిగించి, చల్లార్చి, నిండుగా ఉండే చిన్న సీసాల్లో పోసి మూత బిగించండి. నిండు సీసాలో ఆరు నెలలు నిలుస్తుంది. సగం ఖాళీ సీసాలో నెలా రెండు నెలలే. పొడి కలిపేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి, చేతులకు తొడుగులు వేసుకోండి. మెటాల్ కొందరి చర్మానికి పడదు.

నెలకో రీలు కడిగేవారికి ద్రవరూపంలోని గాఢ డెవలపర్లు మేలు. రోడినాల్ 1891లో పేటెంటు పొందింది, తెరిచిన సీసా కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రవ్వను దాచదు, ఎత్తి చూపిస్తుంది. 400 ఫిల్ములో అది ముతకగా అనిపించవచ్చు. 100 ఫిల్ములో మాత్రం ఆ పదును అందమే. హెచ్‌సీ-110 కూడా దీర్ఘాయువే. 1996లో వచ్చిన ఎక్స్‌టాల్ మాత్రం పొడి రకం, సన్న రవ్వకు, నీడల వివరానికి పేరున్నది, విటమిన్-సి జాతి పదార్థంతో పనిచేస్తుంది. దాని చిక్కు ఏమిటంటే, పాడైనా రంగు మారదు. ముసలిదైపోయిన రోడినాల్ కాఫీ రంగులో ఉండి పనిచేస్తుంది, చచ్చిపోయిన ఎక్స్‌టాల్ మంచినీళ్లలా ఉండి మోసం చేస్తుంది. పాత సీసా ఏదైనా వాడేముందు వెలుగులోనే ఒక ఫిల్మ్ ముక్కను అందులో వేసి చూడండి. నిమిషాల్లో నల్లబడకపోతే పారబోయండి.

కావలసిన సామాను

వెలుగు చొరని ట్యాంకు, అందులో ఫిల్మును చుట్టుకునే ప్లాస్టిక్ స్పైరల్, చీకటి సంచి, థర్మామీటర్, రెండు కొలపాత్రలు, గరాటు, సీసాలు, కత్తెర, క్యాసెట్ మూత ఊడదీయడానికి సీసా మూతలు తీసే సాధనం, ఆరబెట్టడానికి క్లిప్పులు, గడియారం. డార్క్‌రూమ్ అవసరం లేదు. ఫిల్మును ట్యాంకులోకి ఎక్కించేంతవరకే చీకటి కావాలి. డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టదలిస్తే థర్మామీటర్ మీద పెట్టండి.

చీకట్లో పది నిమిషాలు

కొత్తవారు రసాయనాలకు భయపడతారు గానీ, నిజానికి రీళ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మీరు కొన్న తొలి రీలును బలి ఇవ్వండి. వెలుగులో స్పైరల్ మీదికి ఎక్కించి చూడండి, తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత సంచిలో. చేతులకు దారి తెలిసేదాకా ఇదే పని.

అసలు రీలు వంతు వచ్చినప్పుడు ముందు స్పైరల్‌ను వేలితో తడిమి చూడండి. తడి చుక్క ఒక్కటి ఉన్నా ఫిల్మ్ అక్కడ అంటుకుని ఇక కదలదు. స్నానం చేసి వచ్చిన వెంటనే ఆ ఆవిరి గదిలోనే కూర్చుని ఎక్కించబోయి ఒకసారి అరగంట చెమటలు పట్టాను. చెమట పట్టిన చేతులు సంచిలో ఉంటే సంచి కూడా ఆవిరి గదే అవుతుంది. ఇరుక్కుందంటే బలవంతం చేయకండి. ఫిల్మును, స్పైరల్‌ను ట్యాంకులో పెట్టి మూత బిగించి, చేతులు బయటికి తీసి, తుడుచుకుని, కాసేపు తిరిగి రండి. ఫిల్మ్ ఎక్కడికీ పోదు.

సంచిలో ట్యాంకు, దాని నడిమి గొట్టం, స్పైరల్, మూత, కత్తెర అన్నీ ఉన్నాయో లేదో జిప్పు మూసేముందు పైకి లెక్కపెట్టండి. గొట్టం బయటే మరిచిపోవడం మామూలే, అది లేకపోతే ట్యాంకులోకి వెలుగు దిగుతుంది. క్యాసెట్ మూత ఊడదీసి, ఫిల్మ్ చుట్టను బయటికి తీసి, సన్నని నాలుకలాంటి మొదటి భాగాన్ని అడ్డంగా కత్తిరించండి. రంధ్రం మధ్యలోంచి కాక రెండు రంధ్రాల నడుమ కోత పడాలి. తర్వాత రెండు మూలలనూ చిటికెడు గుండ్రంగా కత్తిరించండి. ఈ రెండు చిన్న కోతలే ఫిల్మ్ సాఫీగా జారడానికి సగం కారణం. స్పైరల్ అంచున రెండు వైపులా ఉండే చిన్న పొడుపుల్ని బొటనవేళ్లతో తడిమి ఎదురెదురుగా తెచ్చి, వాటి కిందుగా ఫిల్మ్ కొసను లోపలికి నెట్టండి. లోపలున్న ఉక్కు గుండ్లను దాటే దాకా ఓ జానెడు లాగండి. ఇక స్పైరల్ రెండు చక్రాలనూ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పోతే ఫిల్మ్ తనంతట తానే లోపలికి నడుస్తుంది. టకటక అనే ఆ చప్పుడు ఒకే లయలో వినిపిస్తున్నంతసేపూ అంతా బాగున్నట్టే. లయ మారి వేళ్లకు బిగువు తగిలితే ఆగండి, అర చుట్టు వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. ముప్పై ఆరు ఫొటోల రీలు దాదాపు 1.6 మీటర్ల పొడవు ఉంటుంది, మొదటిసారి అది అంతులేనిదిగా అనిపిస్తుంది. చివరన టేపు దగ్గర కత్తిరించి, స్పైరల్‌ను గొట్టానికి తొడిగి, ట్యాంకులో దించి, మూత బిగించండి. ఆ తర్వాత దీపం వేసుకోవచ్చు.

ఫిల్మ్ ముఖాన్ని వేళ్లతో పట్టకండి, అంచులే పట్టండి. బలంగా వంచినా, మడత పడినా నెగెటివ్ మీద నెలవంకల్లాంటి గుర్తులు పడతాయి.

ట్యాంకు పని

ఒక 35 మి.మీ. రీలుకు సాధారణ ప్లాస్టిక్ ట్యాంకులో 290 మి.లీ. సరిపోతుంది. కచ్చితమైన కొలత ట్యాంకు అడుగునే రాసి ఉంటుంది. నేను 150 మి.లీ. ఐడీ-11, 150 మి.లీ. నీళ్లు కలిపి 300 చేస్తాను. లోతైన పళ్లెంలో 20 డిగ్రీల సెల్సియస్ నీళ్లు పోసి, డెవలపర్, స్టాప్ బాత్, ఫిక్సర్ మూడింటినీ అందులో నిలబెడితే అన్నీ ఒకే వేడికి వస్తాయి. నీళ్లు మరీ వేడిగా ఉంటే మంచుముక్కలు వేసిన సంచిని పళ్లెంలో ముంచండి. మంచును డెవలపర్‌లో వేయకండి, పలచబడుతుంది. 20 డిగ్రీలకు దించడం సాధ్యం కాకపోతే 24 దగ్గర కడిగి సమయం తగ్గించుకోండి. 20 దగ్గర 11 నిమిషాలు పట్టే పని 24 దగ్గర సుమారు ఏడున్నరలో అవుతుంది. ఐదు నిమిషాల కంటే తక్కువకు మాత్రం దిగవద్దు. పోయడానికి, వంచడానికి పట్టే క్షణాలే అప్పుడు మచ్చలుగా తేలతాయి.

ఎఫ్‌పీ4 ప్లస్‌కు ఐడీ-11 1+1లో, 20 డిగ్రీల దగ్గర, 11 నిమిషాలు. అసలు ద్రావణంలోనైతే ఎనిమిదిన్నర. గడియారం మొదలుపెట్టి, ట్యాంకును కాస్త వంచి డెవలపర్‌ను తడబడకుండా పోయండి. మూత పెట్టి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయండి. తర్వాత ట్యాంకు అడుగును బల్ల మీద రెండు మూడుసార్లు గట్టిగా తట్టండి. ఫిల్ముకు అంటిన గాలి బుడగలు అలా వదులుతాయి, లేకపోతే బుడగ ఉన్నచోట డెవలపర్ తగలక గుండ్రని తేట మచ్చ మిగులుతుంది. ఇక ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు తలకిందులు చేయడం, తట్టడం, మిగతా యాభై సెకన్లు కదపకుండా ఉంచడం. తలకిందులు చేసేటప్పుడు మణికట్టును కొంచెం తిప్పితే ద్రావణం ఒకే దారిలో పారదు. కాక్‌టెయిల్ కలిపినట్టు ఊపేస్తే రంధ్రాల దగ్గర ద్రావణం ఉరకలేసి, ఫ్రేము అంచున చారలు పడతాయి. ఎవరి చేతివాటం వారిది, కానీ ప్రతిసారీ అదే చేతివాటం ఉండాలి.

పదిన్నర నిమిషాల దగ్గర పారబోయడం మొదలుపెట్టండి, 11కు ట్యాంకు ఖాళీ కావాలి. బయటికి వచ్చిన డెవలపర్ ఊదారంగులో ఉంటే కంగారుపడకండి. అది ఫిల్మ్ వెనుక వెలుగు ప్రతిఫలించకుండా పూసిన రంగు. ఫోమాపాన్ 120 సైజు (35 మి.మీ. కన్నా వెడల్పైన) రీళ్లలో ఆకుపచ్చ నీలం కలిసి వచ్చి మరీ హడలగొడుతుంది.

వెంటనే స్టాప్ బాత్. పలచని ఆమ్లం డెవలపర్‌ను అక్కడికక్కడే ఆపుతుంది, ఫిక్సర్ ఆయుష్షు పెంచుతుంది. అర నిమిషం చాలు. లీటరు నీళ్లలో 15 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపినా పని జరుగుతుంది. రంగు మారే రకమైతే పసుపు నుంచి ఊదాకు మారినప్పుడు మార్చేయండి.

ఫిక్సర్ 1+4 పాళ్లలో, ఐదు నిమిషాలు, డెవలపర్‌లో చేసినట్టే నిమిషానికోసారి తిప్పుతూ. దీనికి గడియారం కన్నా నమ్మకమైన పరీక్ష ఉంది. మొదట కత్తిరించి పడేసిన నాలుక ముక్కను వెలుగులోనే ఫిక్సర్‌లో వేసి, పాలలాంటి మసక పూర్తిగా పోవడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. పాత పద్ధతి ఫిల్ముకు దానికి రెట్టింపు, పలక స్ఫటికాల ఫిల్ముకు మూడురెట్లు సమయం ఇవ్వండి. తాజాగా ఉన్నప్పుడు పట్టిన సమయానికి రెట్టింపు పట్టడం మొదలైందంటే ఫిక్సర్ అలసిపోయింది. ఫిక్సర్‌ను మళ్లీ మళ్లీ వాడతాం కాబట్టి సీసా మీద కడిగిన ప్రతి రీలుకూ ఒక గీత గీయండి.

అలసిన ఫిక్సర్‌లో మీ ఫొటోల వెండి కరిగి ఉంటుంది. దాన్ని మట్టిలో, కాలువలో పోయకండి. విడిగా దాచి, వెండి తీసుకునే ల్యాబుకో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికో ఇవ్వండి.

రీలు కడగడం అని మనం ఇంత పనికీ పేరు పెట్టుకున్నా, నిజంగా నీళ్లతో కడిగేది ఇప్పుడే. కుళాయి కింద గంటసేపు వదలనక్కరలేదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయండి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. ఈ నీళ్లు కూడా 20కి దగ్గరగానే ఉండాలి. టీ-మ్యాక్స్‌లో గులాబీ ఛాయ మిగిలితే మరికాస్త ఫిక్సింగ్, మరికాస్త కడుగు అవసరమని అర్థం. చివరగా స్వేదనజలంలో చుక్కలు నిలవకుండా చేసే ద్రవాన్ని కొద్దిగా కలిపి, ఫిల్మును నిమిషం నానబెట్టండి. మామూలు నీటిలోని లవణాలు ఆరాక తెల్లని చుక్కలవుతాయి, అందుకే ఈ ఒక్కచోట స్వేదనజలం.

ఆరబెట్టడం

దుమ్ము లేని గదిలో పైన ఒక క్లిప్పు, కింద బరువైన క్లిప్పు తగిలించి వేలాడదీయండి. వేళ్ల మధ్య గానీ రబ్బరు పటకారుతో గానీ లాగి తుడవాలనిపిస్తుంది. నేను మానేశాను. తడిసిన ఫిల్మ్ పూత మెత్తగా ఉంటుంది, ఒక్క ఇసుక రేణువు చాలు, రీలు పొడవునా గీత పడుతుంది. తలుపు మూసి రెండు మూడు గంటలు వదిలేయండి.

నెగెటివ్‌ను చదవడం

ఆరిన ఫిల్మును తెల్లని వెలుగుకు ఎదురుగా పట్టుకుని ముందు అంచులు చూడండి, ఆ తర్వాతే బొమ్మలు. అంచున ఉన్న అంకెలు తయారీలోనే పడ్డవి, మీ కెమెరాకు వాటితో సంబంధం లేదు. కాబట్టి అవి డెవలపింగ్‌కు సాక్ష్యం. అంకెలు నల్లగా, గట్టిగా ఉండి బొమ్మలు పలుచగా ఉంటే కెమెరాలో కాంతి చాలలేదు. అంకెలే వెలిసిపోయినట్టు ఉంటే డెవలపింగ్ చాలలేదు: చల్లటి ద్రావణం, ముసలి డెవలపర్, తప్పు లెక్క, ఏదో ఒకటి. అంకెలు బాగుండి బొమ్మలు అసలు లేకపోతే ఫిల్మ్ కెమెరాలో కదలనే లేదు. అంకెలు కూడా లేకపోతే, పైన నా కథ ఉంది.

తర్వాత నీడలు. చెట్టు కింది చీకటి, నల్ల చొక్కా మడతలు, ఇలాంటి చోట్ల సన్నని బూడిదరంగులో ఏదో ఒక వివరం ఉండాలి. ఖాళీ ఫిల్మ్ అంచుకూ దానికీ తేడా లేకపోతే వచ్చేసారి మీటరును ఇంకో మెట్టు దించండి. ఆపైన వెలుగులు. నెగెటివ్‌ను అచ్చుకాగితం మీద పెట్టినప్పుడు ఆకాశం గుండా అక్షరాలు మసకగానైనా చదవగలిగితే ఆ దట్టం సరైనదే. అక్షరాలు పూర్తిగా మాయమైతే డెవలపింగ్ ఎక్కువైంది. ఇది ప్రయోగశాల కొలత కాదు, కానీ వేళ్లకందే కొలత.

మసకగా, పాలలా కనిపిస్తే ఫిక్సింగ్ చాలలేదు, తాజా ఫిక్సర్‌లో మళ్లీ వేసి కడిగితే సర్దుకుంటుంది. ఇంతకుముందు చెప్పిన తప్పుల్లో ఇంత తేలిగ్గా క్షమించేది ఇదొక్కటే.

రెండో రీలు

పట్టికల్లో నిమిషాలు ఆరంభ స్థానాలే. మీ థర్మామీటర్, మీ చేతివాటం, మీ స్కానర్ లేదా ప్రింటు కాగితం వాటిని కదుపుతాయి. వెలుగులు వరుసగా రెండు మూడు రీళ్లలో గట్టిగా వస్తుంటే సమయాన్ని పదో వంతు తగ్గించండి, చప్పగా వస్తుంటే అంతే పెంచండి. దాన్ని ఒక్కదాన్నే మార్చండి. ఫిల్మునూ డెవలపర్‌నూ కూడా మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు.

నడి ఎండలో తెల్లగోడ, దాని పక్కన చిక్కని నీడ ఉన్న రీలైతే ఉద్దేశపూర్వకంగానే తేడా చేయవచ్చు. తీసేటప్పుడు అర నుంచి ఒక స్టాపు ఎక్కువ ఇచ్చి, డెవలపింగ్‌ను 15 నుంచి 20 శాతం తగ్గించండి. నీడలు నిండుతాయి, గోడ కాలిపోదు. మబ్బు రోజున తీసిన చప్పటి రీలుకు ఇదే తలకిందులు: మామూలు ఎక్స్‌పోజర్, 20 శాతం ఎక్కువ డెవలపింగ్. ఒకే రీలులో రెండు రకాల వెలుగూ ఉంటే మాత్రం మామూలు సమయమే ఇచ్చి, తేడాను ప్రింటులో సర్దుకోండి.

ఆరు ఆరు ఫ్రేములుగా కత్తిరించి కవర్లలో పెట్టేముందు నోటుపుస్తకంలో ఒక వరస రాయండి. నా పుస్తకంలో ఓ పేజీ ఇలా ఉంది: ఎఫ్‌పీ4, 100 దగ్గర. ఐడీ-11 1+1, 20 డిగ్రీలు, 11 నిమిషాలు. ఎండ, పసుపు ఫిల్టరు. నీడలు బాగున్నాయి, ఆకాశం గట్టిగా వచ్చింది. వచ్చేసారి 10.